చప్పుడు నుంచి కారణానికి

తెలుగులో ‘అనుమానం’ అనే మాటకు వాడుకలో ఉన్న అర్థం ఒకటి, శాస్త్రంలో ఉన్న అర్థం మరొకటి. వాడుకలో అది సందేహం. ఒకరి మీద అనుమానం కలిగిందంటే నమ్మకం సడలిందని. న్యాయశాస్త్రంలో, అనగా ప్రాచీన భారతీయ తర్కశాస్త్రంలో, అది ప్రమాణం, అంటే యథార్థజ్ఞానాన్ని కలిగించే సాధనం. తెలిసిన గుర్తును పట్టుకుని కంటికి అందనిదాన్ని నిశ్చయంగా తెలుసుకోవడం. ఒకే పదం సందేహానికీ నిశ్చయానికీ పేరు కావడం వింతగా తోచవచ్చు గాని, యంత్రం చేసే చప్పుడు విని లోపల ఏది చెడిందో చెప్పవలసినవాడి స్థితిని పరిశీలిస్తే ఆ రెండర్థాలూ ఒకదాన్నొకటి విడిచి ఉండలేవని తెలుస్తుంది. “బేరింగు మీద అనుమానంగా ఉంది” అని మెకానిక్ అన్నప్పుడు అతడు చెబుతున్నది సందేహమా, నిర్ణయమా, ఆ మాట మీద యంత్రాన్ని విప్పడం ఎంతవరకు సమంజసం అన్నవి జ్ఞానమీమాంసకు, అంటే తెలుసుకోవడం ఎట్లా సాధ్యమవుతుందని విచారించే తత్త్వశాఖకు, చెందిన ప్రశ్నలు.

కొండ మీద పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానానికి తరతరాలుగా చెప్పే ఉదాహరణ. అయితే పొగకు నిప్పు తప్ప మరో కారణం లేదని అందరూ ముందే ఒప్పుకుంటారు కనుక ఆ ఉదాహరణ చాలా సులువైనది. ఒకే చప్పుడు పది కారణాల వల్ల పుట్టగల చోట, ఆ పది కారణాలూ కంటికి కనబడకుండా ఒకే తొట్టిలో దాగి ఉన్న చోట, అనుమానానికి అసలైన పరీక్ష జరుగుతుంది. ఉభయచర వాహనం, అనగా నేల మీదా నీటి మీదా నడిచే బండి, అటువంటి చోటు.

ఆరు లేదా ఎనిమిది చక్రాలతో నడిచే ఈ చిన్న బండ్లు 1960ల్లో ఉత్తర అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. వాటిలో పేరు పొందిన ఆర్గో, కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో న్యూ హాంబర్గ్ అనే పట్టణంలో తయారై 1967లో అమ్మకానికి వచ్చింది. బండి అడుగుభాగం దోనెలాంటి ప్లాస్టిక్ తొట్టి. ఇంజిను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు అన్నీ ఆ తొట్టిలోనే ఇమిడి ఉంటాయి, యాక్సిల్ కొసలు మాత్రమే సీళ్ల గుండా బయటికి వచ్చి గాలి తక్కువగా నింపిన వెడల్పాటి టైర్లను మోస్తాయి. ఇంజిను శక్తి ముందు ఒక బెల్టు ద్వారా, గేర్లు లేని స్కూటర్లలో ఉన్నట్టే వేగ నిష్పత్తి తనంతట తాను మారే రెండు పుల్లీల ఏర్పాటు ద్వారా, గేర్‌బాక్సుకు చేరుతుంది. అక్కడి నుంచి కుడి ఎడమలుగా చీలి, ఒక్కొక్క వైపున చైన్ల వెంట ఒక యాక్సిల్ నుంచి మరొక యాక్సిల్‌కు పాకుతుంది. ముందు చక్రాలు పక్కకు తిరగవు. మలుపు తిప్పాలంటే ఒక వైపు చక్రాలకు బ్రేకు వేయాలి. అప్పుడు గేర్‌బాక్సులోని డిఫరెన్షియల్, అనగా రెండు వైపులకూ శక్తిని పంచే పళ్లచక్రాల కూర్పు, రెండో వైపును మరింత వేగంగా తిప్పుతుంది. నీటిలో తెడ్డూ లేదు, ప్రొపెల్లరూ లేదు. టైర్ల మీది గాళ్లే నీటిని వెనక్కు తోసి బండిని నడుపుతాయి.

ఇటువంటి బండిలో గరగర వినబడిందంటే అది బెల్టుదో, పుల్లీదో, గేరుదో, బ్రేకుదో, ఎన్నో ఉన్న చైన్లలో ఒకదానిదో, యాక్సిల్ బేరింగులలో ఒకదానిదో కావచ్చు. పైగా తొట్టి మొత్తం డప్పు చర్మంలా కంపిస్తుంది కనుక వెనక పుట్టిన మోత డ్రైవరు కాళ్ల దగ్గర పుట్టినట్టు వినిపిస్తుంది. ఈ చిక్కును న్యాయవైశేషికులు, అనగా న్యాయ, వైశేషిక దర్శనాలవారు, సిద్ధాంతపరంగా ఏనాడో గుర్తించారు. శబ్దం మూడు విధాల పుడుతుందని వారి మతం: కర్ర భేరిని తాకినప్పుడు సంయోగం వల్ల, వెదురు చీలినప్పుడు విభాగం వల్ల, మూడవది శబ్దం వల్లనే మరొక శబ్దం. మొదట పుట్టిన శబ్దం ఉన్న చోటే నశిస్తుంది, నీటిలో అల మీద అల లేచినట్టు దాని నుంచి మరొకటి, దాని నుంచి ఇంకొకటి పుట్టి, ఆ పరంపరలో చివరిది మాత్రమే చెవికి అందుతుంది. దీనినే వీచీతరంగ న్యాయం అన్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో, తర్కం నేర్చుకోబోయే పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహానికి తానే కూర్చిన దీపిక వ్యాఖ్యలో ఈ మూడు పుట్టుకలనూ క్లుప్తంగా చెప్పాడు. శబ్దం ఆకాశమనే ద్రవ్యానికి గుణమన్న వారి మాటను నేటి భౌతికశాస్త్రం అంగీకరించదు, గాలిలోనూ ఘనపదార్థంలోనూ సాగే కంపనమే శబ్దమంటుంది. కాని మనం వినేది మూలశబ్దాన్ని కాదు, దాని సంతానంలో చివరిదాన్ని అన్న గ్రహింపు చెక్కుచెదరలేదు. చప్పుడు వినబడటం ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలకు నేరుగా అందే జ్ఞానం; అది ఎక్కడ పుట్టిందన్నది అప్పటికే అనుమానం. మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను బేరింగు గూటికి ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకోవడంలో ఆంతర్యం ఇదే. శబ్దపరంపరను వీలైనంత పొట్టి చేసి, దాని మొదటి తరానికి చెవిని దగ్గరగా చేర్చడం.

ఒకే కార్యానికి అనేక కారణాలు ఉన్నప్పుడు కార్యాన్ని చూసి కారణాన్ని చెప్పడం సాధ్యమా అన్న ఆక్షేపణను గౌతముడి న్యాయసూత్రాలే రెండవ అధ్యాయంలో లేవనెత్తి చర్చించాయి. అక్కడ పూర్వపక్షి, అనగా ఆక్షేపించేవాడు, మూడు ఉదాహరణలు తెస్తాడు. నది నిండుగా ఉంది కనుక ఎగువన వాన కురిసిందంటారు. దిగువన గట్టు అడ్డం పడినా నది నిండుతుంది. చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి కనుక వాన రాబోతోందంటారు. ఎవరో పుట్టను చెదరగొట్టినా అవి అట్లాగే పోతాయి. నెమలి కూత వినబడింది కనుక నెమలి ఉందంటారు. మనిషి ఆ కూతను అనుకరించగలడు. అందుచేత అనుమానం ప్రమాణం కాదు.

సూత్రకారుడి సమాధానం పొట్టిదే, దాన్ని విప్పి చెప్పినవాడు భాష్యకారుడైన వాత్స్యాయనుడు. గట్టు వల్ల నిండిన నదీ వాన వల్ల పొంగిన నదీ ఒకటి కావు. వానకు పొంగిన నదిలో ప్రవాహం వడిగా ఉంటుంది, నురుగు ఉంటుంది, పండ్లూ ఆకులూ కట్టెలూ కొట్టుకొస్తాయి. పుట్ట చెదిరి భయపడ్డ కొన్ని చీమల పరుగు వేరు, వానకు ముందు చీమలన్నీ బారులు తీరి పోవడం వేరు. అనుకరించిన కూతకూ అసలు కూతకూ భేదం ఉంది. దాన్ని పట్టలేనివాడు పొరపడితే ఆ తప్పు అనుమానించినవాడిదే తప్ప అనుమానానిది కాదు. ఇక్కడ వాత్స్యాయనుడు చేసిన ఒక సూచన విశేషంగా గమనించదగినది: నెమలి కూతలోని ఆ భేదాన్ని పాముల వంటివి గుర్తుపడతాయని అతడంటాడు. నెమలికి ఆహారమయ్యే ప్రాణికి ఆ కూతను సరిగా వినడం ప్రాణావసరం కనుక, మనిషి చెవికి ఒకటిగా తోచే రెండు ధ్వనులు దాని దగ్గర రెండుగా ఉంటాయి. వినడం నేర్చుకోవలసిన విద్య అనీ, అవసరమే దానికి గురువనీ ఆ చిన్న ఉదాహరణలో ఇమిడి ఉంది.

ఈ సమాధానానికి ఆయువుపట్టు ‘విశేషం’ అన్న మాట. న్యాయసూత్రాలు సంశయాన్ని నిర్వచించేటప్పుడు కూడా ఈ మాటనే ఆశ్రయించాయి: రెండింటికీ సమానమైన ధర్మం కనబడి, వాటిని వేరుచేసే విశేషం కోసం మనసు ఎదురుచూసే స్థితి సంశయం. సందె చీకటిలో నిలువుగా ఏదో కనబడితే అది మోడా మనిషా అన్న సందేహం కలుగుతుంది. నిలువుదనం రెండింటికీ సమానం, కాలూ చేయీ కనబడితే సందేహం తీరుతుంది. అంతేకాక, ప్రాచీన నైయాయికుల నిర్వచనం ప్రకారం సాధించవలసిన విషయం ఎక్కడ సందిగ్ధంగా ఉంటుందో అదే పక్షం, అనగా అనుమానానికి రంగస్థలం. సందేహం లేని చోట అనుమానానికి పని లేదు. తెలుగు వాడుక సందేహానికే అనుమానమని పేరు పెట్టడం శాస్త్రానికి పూర్తిగా దూరం కాలేదని దీన్ని బట్టి చెప్పవచ్చు. ప్రయాణానికి బయలుదేరిన ఊరి పేరు అంటిపెట్టుకుంది, చేరవలసిన ఊరి పేరు జారిపోయింది.

ఉభయచర వాహనంలో విశేషాన్ని వెదకడం ఎట్లా అన్నది వివరంగా చూడవలసిందే, ఎందుకంటే సిద్ధాంతం బలం అక్కడే తేలుతుంది. బండి నిలబడి ఉండగా గేరు తటస్థంగా ఉంచి ఇంజినును నడవనిస్తే చైన్లూ యాక్సిళ్లూ కదలవు. అప్పుడూ మోత వినబడితే చైన్లు, యాక్సిల్ బేరింగులు ఆ లెక్కలో నుంచి తప్పుకుంటాయి. నడుస్తున్నప్పుడు మాత్రమే వినబడితే, అది ఇంజిను వేగాన్ని అనుసరిస్తోందా, చక్రాల వేగాన్ని అనుసరిస్తోందా అని చూడాలి. బెల్టు ఏర్పాటులో ఈ రెండు వేగాలూ ఒకే నిష్పత్తిలో పెరగవు కనుక, మోత దేనితో పాటు హెచ్చుతగ్గులవుతోందో చెవికి తెలుస్తుంది. చక్రాలతో పాటు పెరిగేది బెల్టుకు ఇవతల, గేర్‌బాక్సు వైపున, ఉన్నది. అక్కడ కూడా గేర్‌బాక్సును యాక్సిళ్ల నుంచి వేరుచేసే ఉపాయం ఉంది: అదే చక్రాల వేగంలో ఒకసారి ఎక్కువ గేరులో, మరోసారి తక్కువ గేరులో నడిపితే గేర్‌బాక్సు లోపలికి వచ్చే షాఫ్టు తిరిగే వేగం మారుతుంది, యాక్సిల్ వేగం మారదు, ధ్వని స్థాయి మారితే దోషం గేర్‌బాక్సు ముందుభాగంలో ఉండే అవకాశం బలపడుతుంది, మారకపోతే యాక్సిళ్ల వైపు చూడాలి. కారణం ఉన్నప్పుడు కార్యం ఉండటాన్ని అన్వయమనీ, లేనప్పుడు లేకపోవడాన్ని వ్యతిరేకమనీ తార్కికులు అంటారు. ఈ పరీక్షలన్నీ ఆ రెండింటినీ చేతితో కల్పించుకోవడమే.

చప్పుడు లయలోనూ విశేషం ఉంటుంది. ఒక స్ప్రాకెట్‌కు 18 పళ్లు, దాని మీది చైనుకు 72 లింకులు ఉన్నాయనుకుంటే, చెడిన ఒక లింకు స్ప్రాకెట్ నాలుగు చుట్లు తిరిగినప్పుడు ఒకసారి మాత్రమే అదే చోటికి వస్తుంది. స్ప్రాకెట్ మీద ఒక పన్ను విరిగితే చుట్టుకొకసారి వస్తుంది. అందుచేత టక్కుమనే చప్పుడు చక్రం ప్రతి చుట్టుకూ వినబడుతోందా, కొన్ని చుట్లకొకసారి వినబడుతోందా అని లెక్కపెట్టడం ఒక్కటే స్ప్రాకెట్‌నూ చైనునూ వేరుచేయగలదు. ముందుకు పోతున్న బండిని వెనక్కు మళ్లించిన క్షణంలో ధణ్‌మని ఒక్క దెబ్బ వినబడితే అది సాధారణంగా చైను వదులుకు గుర్తు. చైను సాగిందని వాడుకలో అంటారు గాని ఉక్కు నిజంగా సాగదు. లింకులను కలిపే పిన్నులూ వాటి చుట్టూ ఉన్న గొట్టాలూ అరిగి, ఆ కొద్దికొద్ది అరుగుదల అన్ని కీళ్ల దగ్గరా కూడి, చైను పొడవవుతుంది. 50 నంబరు చైనులో ఒక కీలు నుంచి మరో కీలుకు దూరం 15.875 మిల్లీమీటర్లు, కనుక కొత్త చైనులో 16 లింకుల పొడవు 254 మిల్లీమీటర్లు. అది 3 శాతం పెరిగి సుమారు 261.6 మిల్లీమీటర్లకు చేరితే చైను మార్చవలసిన సమయమని సాధారణ నియమం. చెవి చెప్పినదాన్ని కొలబద్ద ఇట్లా ధ్రువపరుస్తుంది, లేదా కాదంటుంది.

నీరు మరొక వ్యతిరేకాన్ని ఇస్తుంది, ఇది నేల బండ్లకు లేని సౌకర్యం. తేలుతున్న బండి బరువును తొట్టి మోస్తుంది, యాక్సిళ్లు మోయవు. నేల మీద బరువు కింద హోరెత్తిన బేరింగు నీటిలో అదే చక్రవేగంలో మెత్తబడితే, ఆ మోతకూ బరువుకూ సంబంధం ఉందని తెలుస్తుంది. అయితే సీలు చెడిందన్న శంక ఉన్న బండిని ఈ పరీక్ష కోసం నీటిలోకి దింపకూడదు. తెలుసుకోవాలన్న ఆసక్తి తెలుసుకోవలసిన వస్తువునే పాడుచేయడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

తెలుగులోని ధ్వన్యనుకరణ పదాలకు ఈ విషయంలో ఉన్న విలువను తక్కువగా చూడరాదు. కీచుమనడం, కిర్రుమనడం, గరగరలాడటం, కటకటమనడం, హోరెత్తడం, టపటప కొట్టుకోవడం అన్నవి ఒకదానికి బదులు మరొకటి వాడదగ్గ మాటలు కావు. తడిసిన బెల్టు జారితే కీచుమంటుంది గాని కటకటమనదు, గుంటలు పడిన బేరింగు గరగరలాడుతుంది గాని కిర్రుమనదు, వదులు చైను చట్రానికి తగిలి టపటప కొట్టుకుంటుంది. ‘శబ్దం వస్తోంది’ అన్న మాట సామాన్యాన్ని మాత్రమే తెలుపుతుంది. ఈ అనుకరణ పదాలు విశేషాన్ని పట్టిచ్చే తొలి ప్రయత్నాలు. వాటిని పోగొట్టుకున్న భాషలో మాట్లాడే మెకానిక్ వినగలిగినదాన్ని కూడా చెప్పలేడు.

ఇంత జాగ్రత్త పడినా పొరపాటుకు దారి ఒకటి తెరిచే ఉంటుంది, దాని పేరు ఉపాధి. రెండింటికీ నియత సంబంధం ఉన్నట్టు తోచి, నిజానికి ఆ సంబంధం మూడవది ఒకటి తోడైతేనే నిలిచేటప్పుడు ఆ మూడవదాన్ని ఉపాధి అంటారు. నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, తడికట్టె తోడైతేనే పొగ వస్తుందని తార్కికులు సవరిస్తారు. మలుపులో మోత పెరిగితే బేరింగు పోయినట్టే అన్న నమ్మకం ఈ తరహాది. మామూలు కారులో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంది. మలుపులో బరువు ఒక వైపు చక్రాల మీదికి ఒరిగి, అక్కడి బేరింగు మీద భారం పెరుగుతుంది. చక్రాలు పక్కకు తిరగని ఈ బండిలో మలుపంటే ఒక వైపు బ్రేకు బిగిసి, రెండో వైపు చైన్లు లాగబడి, టైర్లన్నీ నేలను పక్కకు రాచుకుంటూ ప్రతి యాక్సిల్‌నూ వంచడానికి చూడటం. మలుపు అన్నింటి మీదా భారాన్ని ఒక్కసారిగా పెంచుతుంది. కనుక మలుపులో పెరిగిన మోత భారానికి గుర్తే తప్ప బేరింగుకు గుర్తు కాదు. కారులో నేర్చిన వ్యాప్తిని, అనగా హేతువుకూ (గుర్తుకూ) సాధ్యానికీ (దాని ద్వారా తేల్చవలసినదానికీ) ఉన్న నియత సంబంధాన్ని, ఉపాధిని చూడకుండా ఇక్కడికి తెచ్చినవాడు మంచి బేరింగులను విప్పి పారేస్తాడు.

ఇంతకంటె లోతైన ఆక్షేపణ చార్వాకులది. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్న వారి వాదం ప్రకారం, ఇప్పటివరకు చూసిన అన్ని చోట్లా ఫలానా మోత ఫలానా దోషంతో కలిసి ఉన్నా, చూడని చోట కూడా అట్లాగే ఉంటుందని చెప్పడానికి ఆధారం లేదు. కనబడని ఉపాధి ఎక్కడో ఉండదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఈ వాదాన్ని చులకన చేయడం సరికాదు, ఎందుకంటే ఊహ పూర్తిగా నిజమైందో లేదో తెలిసేది తొట్టి మూత తీసి బేరింగును చేతితో తిప్పి చూసినప్పుడే, అంటే ప్రత్యక్షంతోనే. అయితే నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీనికి చెప్పిన సమాధానం బలమైనది. శంకకు హద్దు ఉంది. శంకించేవాడి సొంత నడతతో విరోధం వచ్చేదాకానే శంక సాగుతుంది. పొగ కావాలంటే నిప్పు రాజేసేవాడు, ఆకలి తీరాలంటే అన్నం తినేవాడు, కార్యకారణ సంబంధాన్ని మాటలో కాదన్నా చేతలో ఒప్పుకుంటున్నాడు. చార్వాకుడు సైతం మోత ఆగాలని ఏదో ఒక మూతే విప్పుతాడు గాని గుడ్డిగా సీటును విప్పడు. ఏ మూత విప్పాలో ఎంచుకున్న క్షణంలోనే అతడు అనుమానాన్ని ప్రమాణంగా స్వీకరించాడు. ప్రత్యక్షం అనుమానాన్ని సరిచూడగలదు, కాని ఎక్కడ చూడాలో ప్రత్యక్షానికి చెప్పేది అనుమానమే. ఈ విషయంలో న్యాయదర్శనానిదే పైచేయి అని నిర్ణయించక తప్పదు.

అనుమానానికి ఉన్న పరిమితి వేరొక చోట, చాలామంది గమనించని చోట ఉంది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. పొగ లేకపోతే నిప్పు లేదనడానికి వీలు లేదు. తార్కికులు దీనికి చూపే దృష్టాంతం ఎర్రగా కాలిన ఇనుప గుండు: అందులో నిప్పు ఉంది, పొగ లేదు. యంత్రం విషయంలో ఈ దృష్టాంతం అక్షరాలా వర్తిస్తుంది. గరగరలాడే బేరింగులోకి గ్రీజు గన్నుతో కొత్త గ్రీజు ఎక్కిస్తే కొంతకాలం మోత అణుగుతుంది. గుళ్ల మీదా వాటి దారి మీదా పడిన గుంటలు మాత్రం అక్కడే ఉంటాయి, సీలు గుండా దూరిన నీరు చేసిన తుప్పు అక్కడే ఉంటుంది. చప్పుడు నుంచి దోషాన్ని చెప్పగలిగిన శాస్త్రమే నిశ్శబ్దం నుంచి దోషం లేదని చెప్పనివ్వదు. మరమ్మతు పూర్తయిందనడానికి చాలామంది చూపే రుజువు మోత ఆగడమే కనుక, ఎక్కువ ప్రమాదం ఈ చివరి మెట్టు మీదే పొంచి ఉంటుంది.

గేర్‌బాక్సు నుంచి ఒక వైపుకు వెళ్లే మొదటి చైను చెరువు నడుమ తెగితే ఆ వైపు చక్రాలన్నింటికీ శక్తి అందదు, బండి తిన్నగా ఒడ్డుకు రాలేదు. అందుచేత ఇటువంటి బండి నడిపేవారు, మోత ఆగిందన్న ధైర్యంతో దాన్ని తిరిగి నీటిలోకి దింపే ముందు, తొట్టి మూత తీసి చైనును కొలబద్దతో కొలిచి, బేరింగునూ సీలునూ ఒక్కసారి కళ్లతో చూడాలి.